పోయిన పందొమ్మిది రోజులు

"నానొక్కదాన్నే ఎల్లొస్తాను. నా ఎనక ఎవులూ రాకూడదు" అని మొగుడి చేతా అత్త చేతా మాట తీసుకుని, దేవమణి నిమ్‌పురా క్వార్టర్ మెట్లు దిగి రోడ్డు మీదికి రావడంతో కిందటి వారం కథ ఆగింది. ఆ నాలుగు మెట్లు ఒంటరిగా దిగడానికి ఆమెకి ఏడు నెలలు పట్టింది.

వాళ్లది బెంగాలీల ఊళ్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. ఆమెకి ఇరవైతొమ్మిదేళ్లు. రైల్వే వర్క్‌షాపులో, అందరూ వీల్ షాపు అనే చక్రాల విభాగంలో టెక్నీషియన్. కిందటి ఆషాఢంలో ఒక వాన సాయంత్రం పూరీ గేట్ పేట మలుపు దగ్గర స్కూటీ జారి, తల ఎడమవైపు రోడ్డుకి కొట్టుకుంది. పదకొండు రోజులు తెలివి లేదు. ఆపరేషను అయి కళ్లు తెరిచాక నడక వచ్చింది, కుడిచేతిలో బలం సగం వచ్చింది. మాటలు కొన్ని వచ్చాయి, కొన్ని వచ్చినట్టే వచ్చి నాలుక చివర్న జారిపోతున్నాయి. ప్రమాదానికి ముందటి పందొమ్మిది రోజులు మాత్రం ఆమెలో ఎక్కడా లేవు. అత్త జోగమ్మ పనసకాయ తరుగుతూ వేలు కోసుకోవడం ఆఖరి గుర్తు. ఆ తర్వాత ఆసుపత్రి కప్పుకి వేలాడుతున్న ఫ్యాను. ఈ రెంటి మధ్యా ఏముందంటే, ఏమీ లేదు, పాల ప్యాకెట్టు కోసం వెళ్లి పడిపోయావు అని చెప్పాడు అదే వర్క్‌షాపులో పనిచేసే భర్త మోహనకృష్ణ. ఆమె నమ్మింది. నమ్మకపోవడానికి కారణమేముంది? అతను మేనత్త కొడుకు. ఈ ఏడు నెలలూ ఆమె జడ అతనే వేశాడు.

ఆసుపత్రిలో మాటలు దిద్దించే వాసంతి మేడం ఈ గురువారానికి ఒక పని పెట్టింది. ఒంటరిగా ఖరిదా బజారుకి వెళ్లాలి, మూడు వస్తువులు కొనాలి, తిరిగి రావాలి. మునగపువ్వు, మరమరాలు, సూదుల ప్యాకెట్టు. అంతే.

దేవమణికి మాత్రం అది అంతే కాదు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు షాపు గేటు దగ్గర గుండె ఎలా కొట్టుకుందో, టోటో కోసం చెయ్యెత్తినప్పుడు సరిగ్గా అలాగే కొట్టుకుంది. ఆ బ్యాటరీ బండి వచ్చి ముందర ఆగింది.

"కొథాయ్, దీదీ?" అని ఎక్కడికో అడిగాడు డ్రైవరు.

"ఖరిదా," అంది.

ఒక్క మాట. పొద్దున్నుంచి స్నానాలగదిలో పదిసార్లు పలికి పెట్టుకున్న మాట. అతను మారు అడగకుండా బండి పోనిచ్చాడు. తనతో ఎవరైనా మారు అడగకుండా మాట్లాడి ఎన్నాళ్లయిందో లెక్కపెట్టబోయి మానేసి, పక్కకి తిరిగి గాలి ముఖాన కొట్టించుకుంది. యార్డులో ఇంజను కూత వేసింది. చెవుల్లో దూది ఉన్నా కూత లోపలికి వచ్చింది, తల లోపల చిన్నగా గీత పడ్డట్టయింది. పర్వాలేదు అనుకుంది. కూత ఎక్కడినుంచి వచ్చిందో తెలిసింది కదా. మొదటి నెలల్లో అది కూడా తెలిసేది కాదు.

బజారులో దిగగానే మాత్రం కాసేపు భయపడింది. రంగులన్నీ ఒకేసారి మీదికొచ్చాయి. హారన్లు, బేరాలు, చేపల నీళ్లు, ఎవరి ఫోనులోనో పాట. తలకి దెబ్బ తగలకముందు ఇవన్నీ వాటంతటవే వెనక్కి జరిగి దారిచ్చేవి. ఇప్పుడు దేనికదే ముందుకొచ్చి నన్ను చూడు అంటుంది. ఆమె మూసివున్న ఒక కొట్టు అరుగు మీద కూర్చుంది. కళ్లు మూసుకుని వాసంతి మేడం చెప్పినట్టే చేసింది. ఆగు. ఒక్కటే చూడు. ఒక్క పనే చెయ్యి. కళ్లు తెరిచి ఒక్క మునగపువ్వు బుట్టనే చూసింది. తెల్లగా, కుప్పగా ఉంది. లేచి వెళ్లి కొనుక్కుంది. మరమరాలకి మాటే అక్కర్లేకపోయింది, వేలు చూపిస్తే పొట్లం కట్టాడు.

చిక్కంతా మూడోదానితో వచ్చింది.

దారాలు, గుండీలు అమ్మే కొట్టు ముందు నిలబడి నోరు తెరిస్తే మాట లేదు. వస్తువు కళ్ల ముందు ఉంది, మెరుస్తోంది, పేరు మాత్రం లేదు. కొట్టతను చూస్తున్నాడు. వెనక ఇద్దరు చేరారు. చెమట పట్టింది. మాట దొరక్కపోతే దాని చుట్టూ తిరిగి రమ్మంది మేడం. అలాగే తిరిగింది. "అది… బట్టలోంచి ఎల్లి బయటికొస్తాది. ముందర ముల్లు. ఎనక కన్ను." తెలుగులో అనేసింది. కొట్టతను బెంగాలీ అతను, ఒక్క ముక్క అర్థం కాలేదు. వెనకనున్న మనిషి పొద్దున్నే తాగొచ్చిందని పక్కవాడితో అన్నాడు.

దేవమణి వెనక్కి తిరిగింది. మెళ్లో కార్డు ఉంది. తలకి దెబ్బ తగిలి కోలుకుంటున్నాననీ, నెమ్మదిగా మాట్లాడమనీ దానిమీద మూడు భాషల్లో రాసి ఉంది. చూపిస్తే సరిపోతుంది. చూపించలేదు.

"తాగలేదు, దాదా," అంది బెంగాలీలో, ఒక్కొక్క మాటా పేర్చుకుంటూ. "తల పగిలింది. అతికింది. మాటలు వెతుక్కుంటున్నాను."

ఆ మనిషి నేల చూపులు చూశాడు. ఆ బెంగాలీ ఊపులోనే, ఎవరూ లాగకుండా, ఇంకో మాట జారి వచ్చింది. "ఛుంచ్." బెంగాలీలో సూది. తెలుగు మాట ఇంకా రాలేదు గానీ బెంగాలీ మాట ముందే వచ్చేసింది. కొట్టతను నవ్వి ప్యాకెట్టు తీసిచ్చాడు.

ఆమెకి గంతెయ్యాలనిపించింది. మూడూ కొంది, ఒక మనిషికి జవాబు కూడా చెప్పింది. వాసంతి మేడం పెట్టిన పనిలో అది లేనే లేదు. సంచి ఎడమ భుజానికి తగిలించుకుని రెండడుగులు వేసిందో లేదో ఎవరో చెయ్యి పట్టుకున్నారు.

"దెబొమోణి. నువ్వేనా?"

తెల్లచీర, కళ్లజోడు, చేతిలో కొత్తిమీర కట్ట. అరవై దాటిన బెంగాలీ ఆవిడ. దేవమణి ఆ ముఖాన్ని ఎప్పుడూ చూడలేదు. ఆవిడ మాత్రం ఆమెను చూసి కళ్లనీళ్లు పెట్టుకుంటోంది.

"ఎంత చిక్కిపోయావు తల్లీ. వస్తావు వస్తావని మీ ఆయన చెప్తూనే ఉన్నాడు. రా, నీ గది చూసుకుందువు గాని."

"ఏ గది, మాషీ?" అంది, బెంగాలీలో పిన్నీ అన్నట్టు.

"నీ గదే. ఆషాఢంలో తీసుకున్నావు కదా, మా మేడ మీద. నాలుగు సాయంత్రాలు కూర్చున్నావు, ఆ తర్వాత ఈ ఘోరం జరిగింది."

ఆషాఢం. ఆ మాట విన్నాక దేవమణికి బజారు చప్పుడు వినిపించలేదు. ఏడు నెలలుగా తడుముతూ ఒక్క అంచు కూడా చేతికి అందని ఆ రోజుల్లోంచి ఒక మనిషి నడిచొచ్చి చెయ్యి పట్టుకుంది. ఆవిడ పొరపడిందేమో అనుకుంటే పేరు చెప్పింది. మొగుణ్ణి ఎరుగునంటోంది. ఇంటికి వెళ్లాలి, అత్త గుమ్మంలో కూర్చుని ఉంటుంది, అన్నీ తెలుసు. అయినా కాళ్లు మాషీ వెనకే నడిచాయి.

కొట్టుకి నాలుగిళ్ల అవతల సందులో పాత మేడ. ఎడమచేత్తో మెట్ల కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్లూ పెడుతూ ఎక్కింది. మాషీ తన గుత్తిలోంచి తాళంచెవి వెతికి తలుపు తీసింది.

చిన్న గది. ఒక కిటికీ, ఒక బల్ల, ఒక కుర్చీ, మూల చాప. దుమ్ము లేదు. బల్ల మీద పుస్తకాలు వరసగా ఉన్నాయి. గోడకి పెద్ద కాగితం అంటించి ఉంది. దానిమీద నిలువుగీతలు, అడ్డగీతలు, వారాలు, పాఠాల పేర్లు. అన్నిటికీ పైన పెద్ద అక్షరాలతో 'జె.ఈ. పరీక్ష – అక్టోబరు'. ఆ రాత చూసిన క్షణంలో ఆమెకి ఇంకే సాక్ష్యమూ అక్కర్లేకపోయింది. కుడివైపుకి ఒరిగి, తొందరగా పరిగెత్తే రాత. దెబ్బ తగలకముందు తనది. ఇప్పుడు ఎడంచేత్తో రాస్తే ఒకటో తరగతి పిల్లల రాతలా వస్తుంది.

టెక్నీషియన్లు జూనియర్ ఇంజనీరు కావడానికి రాసే డిపార్ట్‌మెంటు పరీక్ష అది. తను రాద్దామనుకుందా? ఎప్పుడనుకుంది? ఇంట్లో చెప్పకుండా గది తీసుకునేంత గట్టిగా అనుకుందా? ఆమె కుర్చీలో కూలబడి పైనున్న నోటుపుస్తకం తెరిచింది. ఎడమవైపు ప్రశ్నలు, కుడివైపు జవాబులు. కుడివైపు అరచెయ్యి కప్పి మొదటి ప్రశ్న మీద వేలు పెట్టి చదివింది. అక్షరాలు ఈదుతున్నాయి. ఆగింది. మళ్లీ చదివింది. బ్రాడ్‌గేజి ఇరుసు మీద రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం ఎంత?

"వెయ్యిన్నీ ఆరొందల మిల్లీమీటర్లు," అంది పైకి.

తన గొంతు విని తనే ఉలిక్కిపడింది. చెయ్యి తీసి చూసింది. 1600. ఇంకో ప్రశ్న. చెప్పింది. చెయ్యి తీసింది. సరిపోయింది. ఇంకోటి. పావుగంట కిందట సూదిని సూది అనలేని మనిషి, చక్రం అంచు ఎంత అరిగితే పక్కన పెట్టాలో, ఇరుసులో పగులు ఎలా పట్టుకోవాలో ఊపిరి తిప్పుకోకుండా చెప్పుకుపోతోంది. వీల్ షాపు మొత్తం తల లోపల ఎక్కడో చెక్కు చెదరకుండా ఉంది. దీపాలు వేసే ఉన్నాయి. అటు వెళ్లే దారి మాత్రమే మూసుకుపోయింది. ఆమె రెండు చేతుల్తో బల్ల అంచు పట్టుకుంది. కుడిచెయ్యి వణుకుతూనే ఉంది, వణకనీ అనుకుంది.

గుమ్మంలో మాషీ చూస్తూ నిలబడి, "నీకేం పోలేదు తల్లీ," అంది. "మీ ఆయన ప్రతి ఆదివారం వస్తాడు. కిటికీ తీస్తాడు, తుడుస్తాడు, ఆ కుర్చీలో కాసేపు కూర్చుని వెళ్లిపోతాడు. ఇదిగో, ఇప్పుడు కూడా కింద టీ కొట్టు దగ్గర నిలబడ్డాడు. పైకి రమ్మనకూడదూ?"

దేవమణి కిటికీ దగ్గరికి వెళ్లింది. కింద, టీ కొట్టు తడక వెనక, సైకిలు పట్టుకుని మోహనకృష్ణ. ఆమె చూస్తుండగానే తలెత్తాడు. చూపులు కలిశాయి. ఆమె చెయ్యి ఊపలేదు, పిలవలేదు. అతనే సైకిలు గోడకి ఆనించి, ఉరికంబం దగ్గరికి నడిచేవాడిలా సందులోకి తిరిగాడు.

చెప్పులు బయట విడిచి గుమ్మంలో ఆగాడు. మాషీ ఇద్దరి ముఖాలూ చూసి చప్పుడు చెయ్యకుండా దిగిపోయింది.

"నా ఎనకే వొచ్చినావా?"

"దూరంగానే ఉన్నాను మణీ. టోటో ఎనకాల సైకిలు మీద."

"మాటిచ్చినావు."

"ఇచ్చినాను. ఉండనేకపోనాను." అతని ముఖంలో భయంతో పాటు ఇంకేదో వెలుగు కూడా ఉంది. "ఆ కొట్టుకాడ ఆడు తాగొచ్చినావన్నప్పుడు ముందుకి వొచ్చీబోనాను. నువ్వే తిరిగి సెప్పీసినావు. అక్కడే ఆగిపోనాను."

ఇంకోరోజయితే ఆ మాటకి ఆమె పొంగిపోయేది. ఇప్పుడు బల్ల మీద చెయ్యి వేసి, "ఈ గది ఏటి బావా?" అంది.

అతను గుమ్మం దాటి లోపలికి వచ్చాడు.

"మెల్లగా సెప్పు. సిన్న సిన్న ముక్కలుగా సెప్పు. బేగి బేగి సెప్తే నాకు అందదు. కానీ అన్నీ సెప్పు."

అతను గోడకి జారబడి నేల మీద కూర్చున్నాడు. 

"ఆ రోజు నీ బేగులో తాళంసెవి దొరికినాది. ఏ తాళం అనడిగినాను. ఖరిదాల గది తీసుకున్నానన్నావు."

"ఊఁ."

"ఎందుకన్నాను. సదువుకోడానికన్నావు. ఇంట్లో అవదా అన్నాను. అవదన్నావు. నాను నమ్మనేదు."

"నమ్మక ఏటన్నావు?"

"అదొగ్గీ మణీ."

"ఏటన్నావు బావా?"

"ఏ మగోడి కోసం తీసుకున్నావు అన్నాను."

కిటికీలోంచి బజారు హోరు వస్తోంది.  ఆ మాట అతను ఏడు నెలలుగా మోస్తున్నాడు, అంచులు అరిగిపోయి ఉంటాయి. ఆమెకి ఇప్పుడే తగిలింది. ఇప్పుడే, ఈ గదిలో, మొదటిసారి.

"నానేటన్నాను?"

"ఏటీ అన్నేదు. నన్నో సూపు సూసినావు. స్కూటీ తాళం తీసుకున్నావు. వోన పడతంది. అమ్మ అడ్డం వొచ్చినాది, ఆగనేదు. నాను…" అతను గోటితో నేల గీరాడు. "నాను మంచం మీద నుంచి లెగనేదు. ఎల్తే ఎల్లనీ అన్నాను."

"పాలకెల్లినానని సెప్పినావు."

"ఆసుపత్రిల కళ్లు తెరిసి నువ్వు ముందు అడిగినాది అదే. ఎక్కడికెల్లినాను బావా అని. నోటికొచ్చినాది అనీసినాను. మర్నాడు నిజం సెప్పీద్దామనుకున్నాను. డాక్టరు, ఈ మనిసికి మనసు కష్టపెట్టకండి అన్నాడు. నాకు అది సాలు. ఆ మాట ఎనకాల దాక్కున్నాను." కళ్లు తుడుచుకుని గోడ మీది కాగితం వైపు చూశాడు. "నువ్వు ఐసీయూల ఉన్నప్పుడు ఆ తాళం పట్టుకుని ఇక్కడికి వొచ్చినాను. ఇయన్నీ సూసినాను. అక్టోబరు పరీచ్చ అక్టోబరుల ఎల్లిపోనాది. గది ఒగ్గనేకపోనాను. ఒగ్గీస్తే నువ్వు నిజంగా పోనట్టుండేది."

దేవమణికి నోట్లో మాటలన్నీ ఒకేసారి తోసుకొచ్చాయి. కోపం వస్తే ఇదే చిక్కు, మాటలు గుమ్మంలో ఇరుక్కుపోతాయి. పిడికిలి బిగించి, ఒక్కొక్కటే బయటికి లాగింది.

"ఆ పందొమ్మిది రోజులు నావి. దెబ్బకి పోనాయి. పోతే పోనాయి. అందుల ఒక్క సాయంత్రం నీకాడ ఉంది. అదీ ఇయ్యనేదు. దాని సోట పాల పేకెట్టు పెట్టినావు. నువ్వు… నువ్వు పెద్ద…"

అనవలసిన మాట జారిపోయింది. అబద్ధాలు చెప్పేవాణ్ణి ఏదో అంటారు. ఏమంటారు? దాని కోసం గాలించి, చేతికి దొరికినదాన్ని విసిరేసింది.

"పెద్ద గుమ్మడికాయవి."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు అతని పెదవి కదిలింది, బలవంతాన బిగించుకున్నాడు. ఆమెకి లోపల్నుంచి నవ్వు తన్నుకొచ్చింది, ఆపుకోలేకపోయింది. కళ్లలో నీళ్లు కారుతుండగానే నవ్వింది. నవ్వి నవ్వి, చీర కొంగుతో ముఖం తుడుచుకుని, వేలు చూపించింది.

"నవ్వినాను గదా అని ఒగ్గీసినాననుకోకు."

"అనుకోను."

"అలగెందుకన్నావు నన్ను?"

అతను ఈసారి ఎక్కువసేపు తీసుకోలేదు. "కుళ్లు మణీ. ఇదే పరీచ్చ నాను రెండుసార్లు తప్పినాను. నువ్వు ఒక్కసారి రాస్తే పాసైపోతావని నాకు తెలుసు. వీల్ షాపుల నీ అంత పని తెలిసినోళ్లు ఎంతమంది? ఆ సంగతి పైకి అన్నేక, ఆ పాడుమాట అన్నాను."

 అలసట కాళ్లలోంచి పైకి పాకుతోంది. ఇంకో అరగంటలో తల మొద్దుబారిపోతుందని తెలుసు. ఆలోపే తేల్చుకోవాలి. ఎడమచెయ్యి కాదు, కుడిచెయ్యే చాపింది.

"తాళం ఇయ్యి."

అతను జేబులోంచి తీసి ఆ వణికే అరచేతిలో పెట్టాడు. ఆమె వేళ్లు మూసుకున్నాయి. మూడు వేళ్లు బాగా, రెండు వేళ్లు సగం.

"రేపట్నుంచి రోజూ వొస్తాను. అరగంట కూకుంటాను. పరీచ్చ రాస్తానో నేదో తెల్దు. ఎప్పుడో కూడా తెల్దు. అది నాను సూసుకుంటాను. ఆదివారం నువ్వు రాకు. నా గది నానే తుడుసుకుంటాను. అత్తకి ఇయ్యాల రేత్రే నువ్వే సెప్పు, పాల సంగతి అబద్ధమని."

"అమ్మకి తెలుసు."

"అయితే తెలిసిపోనాదని సెప్పు."

అతను తలాడించాడు. ఆ తలాడింపులో ఏడు నెలల బరువు దిగినట్టు భుజాలు వాలాయి. దేవమణికి మాత్రం భుజాలు లేచాయి. కోపం ఉంది, ఇంకా చాలా రోజులు ఉంటుంది. కానీ గుప్పెట్లో తాళంచెవి ఉంది. గోడ మీద తన రాత ఉంది. పోయాయనుకున్న రోజుల్లో తను ఏడుస్తూ కూర్చోలేదు, దేనికోసమో సిద్ధపడుతూ ఉంది. ఆ పాత దేవమణిని ఇవాళ కలిసింది. సిగ్గులేకుండా ఆమెను మెచ్చుకుంది కూడా.

మెట్ల మీద అడుగుల చప్పుడయింది. బరువైన అడుగులు, మధ్య మధ్య ఆగి ఆయాసపడుతున్నాయి.

"దెబొమోణి, నీకోసం ఒకావిడ వచ్చింది," అని కిందనుంచి మాషీ కేకేసింది. "ప్రతి గురువారం వచ్చి అడిగి వెళ్తుంది. ఇవాళ ఉన్నావని చెప్పాను."

గుమ్మంలోకి వచ్చినావిడ అప్పలనర్సమ్మ. వీల్ షాపులో దేవమణి పక్కనే ఎనిమిదేళ్లు పనిచేసి, కిందటి దసరా పూజల ముందు రిటైరయిన మనిషి. పూరీ గేట్‌లో ఉంటుంది. ఆసుపత్రికి నాలుగైదుసార్లు వచ్చింది, బత్తాయిలు ఒలిచి పెట్టింది. ఈ గది సంగతి ఒక్కనాడూ ఎత్తలేదు. చేతిలో కూరల సంచితో గుమ్మం పట్టుకుని నిలబడి దేవమణిని ఎగాదిగా చూసింది.

"వొచ్చినావా గుంటా. నీ కాళ్లతో నువ్వే వొచ్చినావా?"

"నానే వొచ్చినాను పిన్నీ. ఈ గది నీకు తెలుసా?"

"గది ఎప్పుడూ సూడనేదు. నువ్వు సెప్పిన ఇంటి గుర్తులు తెలుసు." నేల మీదున్న మోహనకృష్ణ కేసి ఒకసారి చూసి, అతన్ని లెక్కలోకి తీసుకోనట్టు మళ్లీ ఆమె వైపు తిరిగింది. "ఆ వోన రోజు మా ఇంటికి వొచ్చినావు నువ్వు. తడిసి ముద్దయి వొచ్చినావు. కాయితం అడిగినావు, కలం అడిగినావు. పొయ్యికాడ కూకుని రాసినావు. మా ఇంటికాడ నుంచి ఎల్లినావో నేదో, మలుపుకాడే పడిపోనావు."

మోహనకృష్ణ లేచి నిలబడ్డాడు. ఆ సాయంత్రంలో తనకి తెలియని ముక్క ఒకటుందని అతనికి అప్పుడే తెలిసింది.

"ఏడు నెల్లు ఎందుకు సెప్పనేదు పిన్నీ?" అంది దేవమణి.

"ఒట్టేయించుకున్నావు గదే. నాను ఆ గదికి మళ్లీ ఎల్తేనే ఈ కాయితం నాకియ్యి, ఎల్లకపోతే పొయ్యిల పెట్టీ అన్నావు. నువ్వు మర్సిపోనావని తెలుసు. మర్సిపోనావు గదా అని ఒట్టు తప్పనా? గురువారం గురువారం వొచ్చి మాషీని అడుగుతున్నాను." కూరల సంచి అడుగున చెయ్యి పెట్టి, పాలిథిన్ కవరులో చుట్టిన ఒక కాగితం కవరు తీసి బల్ల మీద పెట్టింది. "ఇదిగో. నా బరువు తీరిపోనాది. నాను కిందన కూకుంటాను."

ఆవిడ దిగిపోయింది. కవరు అంటించి ఉంది. మీద కుడివైపుకి ఒరిగే రాత. దేవమణి వేలు పెట్టి చదివింది. పేరు తనది కాదు. 'మోహనకృష్ణకి.'

అతను చెయ్యి చాపి వెనక్కి తీసుకున్నాడు.

"నీకే రాసినాను," అందామె. "సదువు. పైకి సదువు."

అతను కవరు చింపి, మడత విప్పాడు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "బావా, ఈ గది నాకొక్కదానికే తీసుకోలేదు. ఇద్దరికీ తీసుకున్నాను. ఈసారి కలిసి చదువుదాం. నా నోట్సు నీకోసమే రాస్తున్నాను…"

అక్కడ అతను ఆగాడు. దేవమణి కళ్లు మూసుకుంది. అంత మాట పడ్డాక పొయ్యి దగ్గర కూర్చుని ఇది రాసిందా తను? తడిబట్టలతో? గుండె నిండిపోయి, చెయ్యి చాపి అతని భుజం పట్టుకోబోయింది.

అతను చదవడం లేదు. కళ్లు మాత్రం కాగితం మీద పరిగెడుతున్నాయి. ముఖంలో రక్తం లేదు. కాగితాన్ని మడవబోతున్నాడు.

"ఆగినావేటి బావా?"

"మిగతాది ఇంటికాడ సదువుతాను మణీ. అలిసిపోనావు నువ్వు."

ఆమె కాగితం అందుకుంది. అతను వదల్లేదు. కుడిచెయ్యి కూడా వేసి లాగింది, వచ్చేసింది. బల్ల మీద పరిచి, వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ పైకి చదివింది. 

"నువ్వు… పరీక్ష… తప్పలేదు. రెండుసార్లూ… రాయడానికే… వెళ్లలేదు. హాజరు పట్టీలో… నీ సంతకం లేదని… నాకు తెలిసింది. ఆ రెండు రోజులూ… నువ్వు ఎక్కడికి వెళ్లావో కూడా… తెలిసింది. అయినా… నిన్ను… ఒక్క మాట అడగలేదు."

వేలు అక్కడ ఆగింది. కింద తన సంతకం ఉంది. ఇంకేమీ లేదు.

అంటే ఆ సాయంత్రం తనకి ఒక సంగతి తెలుసు. ఏమిటో ఇప్పుడు తెలియదు. ఎంత తవ్వినా ఇక దొరకదు. ఈ గదిలో దాన్ని ఎరిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆమె మరిచిపోయిందన్న సంగతి కూడా అతనికి తెలుసు.

దేవమణి తలెత్తి భర్త కళ్లలోకి చూసింది.

"ఎక్కడికెల్లినావు బావా?"